వదినకు గుండె పాఠం, మరదలికి కప్పీ లెక్క

మందుల దుకాణం వెనక గది,
పరీక్షకు ఎనిమిది నెలలు

వదినకు,

నువ్వు ఫోను చేసినప్పుడల్లా నాన్నే ఎత్తుతున్నారని, నేను కావాలనే తప్పించుకుంటున్నానని అలిగావట. అన్నయ్య నాన్నకు చెప్పాడు, నాన్న నాకు చెప్పారు. అలక మానెయ్. మెడికల్ ప్రవేశ పరీక్ష అయ్యేదాకా నా ఫోను దాచెయ్యమని నేనే నాన్నకు ఇచ్చాను. ఏడ్చి మొత్తుకున్నా ఇవ్వొద్దని కూడా చెప్పాను. మూడోరోజుకే బుద్ధి మారి అడిగితే, బాగుచెయ్యడానికి విప్పిన చేతిగడియారం మీంచి తలెత్తకుండానే, "ముందు ఏడువు, తర్వాత చూద్దాం" అన్నారు. ఏడ్చాను కూడా. ఇవ్వలేదు. కాబట్టి ఇకనుంచి మనిద్దరికీ ఉత్తరాలే గతి.

కోచింగుకు వెళితే ఈ ఉద్యోగం మానాలి, మానడం కుదరదు. అందుకే సొంతంగా చదువుతున్నాను. పుస్తకాలు ఒకరి దగ్గర పాతవి తెచ్చుకున్నాను. ఆ మహానుభావుడెవరో మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ప్రతి వాక్యం కింద గీత గీశాడు. ఏది ముఖ్యమో దేవుడికే ఎరుక. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా దుకాణానికి ఎవరూ రారు. దుకాణం యజమాని పెద్దాయన కుర్చీలో కునుకు తీస్తారు, నేను ఖాళీ మాత్రల అట్టపెట్టెలు కత్తిరించి వాటి వెనక జీవశాస్త్రం రాసుకుంటాను. నిన్న ఒకావిడ దగ్గుమందు అడిగితే కప్ప జీర్ణవ్యవస్థ చేతిలో పెట్టాను. ఆవిడ అటూ ఇటూ తిప్పి, రోజుకు ఎన్నిసార్లు వెయ్యాలని అడిగింది.

నాకు జీవశాస్త్రం కంఠతా వచ్చు. రసాయనశాస్త్రంతో సర్దుకుపోగలను. భౌతికశాస్త్రమే నాకు కొరకరాని కొయ్య. నువ్వు దాంట్లోనే డిగ్రీ చేశావు, క్వార్టర్స్ పిల్లలకు ట్యూషన్లు కూడా చెబుతున్నావు. నాకూ చెప్పకూడదూ? మొదటి ప్రశ్న ఇదిగో. కప్పీ మీద తాడు, తాడుకు ఒకవైపు మూడు కిలోలు, రెండోవైపు అయిదు కిలోలు. వదిలేస్తే ఎంత త్వరణంతో కదులుతాయి? నాకు రోజుకో జవాబు వస్తోంది.

పోయినేడాది సరిగ్గా పరీక్షరోజే జ్వరం తగిలి గేటు దాకా వెళ్ళి తిరిగొచ్చాను కదా. ఈసారి ఏదీ అడ్డు రాకూడదు.

నీ మరదలు


రేవు క్వార్టర్స్, మూడో అంతస్తు,
పరీక్షకు ఏడున్నర నెలలు

పిచ్చుకా,

అలిగిన మాట నిజం. నీ ఉత్తరం రెండుసార్లు చదివాక పోయింది.

కప్పీల గురించి అడగాల్సింది నన్ను కాదు, రోజూ క్రేను నడిపే మీ అన్నయ్యను. అడిగాను. "బరువున్నవైపు దిగుతుంది, దానికి లెక్కెందుకు" అన్నారు. మనిషి చెప్పింది సగం నిజం. మిగతా సగం నేను చెబుతాను. అయిదు కిలోలు ఇటు లాగుతోంది, మూడు కిలోలు అటు లాగుతోంది. అంటే నిజంగా లాగుతున్నది రెండే కిలోల బరువు. కానీ ఆ రెండు కదిలించాల్సింది మొత్తం ఎనిమిదిని. ఎనిమిదింట్లో రెండంటే నాలుగో వంతు. గురుత్వ త్వరణంలో నాలుగో వంతు, అంతే. ఇద్దరు వాదించుకుంటున్న ఇంట్లో పని ఎంత నెమ్మదిగా కదులుతుందో అలాగన్నమాట. తాడులో బిగువు రెండువైపులా వేరువేరని అనుకుని ఉంటావు, అక్కడే తప్పుతున్నావు. ఒకటే తాడు, బిగువూ ఒకటే. ఇలాంటివి ఇంకో పది వెనకాల రాశాను. జవాబులు రాయలేదు.

దీనికి నాకు ఫీజు కావాలి. వారానికో జీవశాస్త్రం పాఠం నీ సొంత మాటల్లో రాసి పంపు, అసలేమీ తెలియని మనిషికి చెబుతున్నట్టు. ఒకరికి చెబితేనే మనకు నిలుస్తుంది. నేను బాగా చదువుతానులే.

నీ మేనకోడలికి ముందు పళ్ళు రెండూ ఊడాయి. ఇప్పుడు "అత్త" అనమంటే గాలి వస్తోంది.

నీ వదిన


మందుల దుకాణం వెనక గది,
పరీక్షకు ఆరు నెలలు

వదినకు,

పదిలో ఆరు వచ్చాయి. మిగతా నాలుగు నాకు రాలేదని కాదు, అవి నా దగ్గరికి రాలేదు.

ఈ వారం ఫీజు గుండె. రాసుకో. అది నాలుగు గదుల ఇల్లు, పైన రెండు, కింద రెండు. కుడివైపు ఇంటికీ ఎడమవైపు ఇంటికీ మధ్య గోడ, తలుపు లేదు, మాటల్లేవు. ఒళ్ళంతా తిరిగి అలిసిన రక్తం కుడి పైగదిలోకి వస్తుంది, కింది గదిలోకి దిగుతుంది, అక్కణ్ణించి ఊపిరితిత్తులకు పోయి గాలి పీల్చుకుని ఎడమ పైగదిలోకి వస్తుంది. మళ్ళీ కిందికి దిగి ఒళ్ళంతా పోతుంది. పైగదికీ కింది గదికీ మధ్య తలుపులు ఒకవైపే తెరుచుకుంటాయి. ఆ తలుపులనే కవాటాలంటారు. ఒక్కో కవాటానికీ మూడేసి రెక్కలు.

నాన్న ఆదివారాలు నాకు మాదిరి పరీక్ష పెడుతున్నారు. మూడు గంటలు కాగానే మోగాలని పదకొండు గడియారాలు వరసగా పెడతారు. ఒకదాన్ని నమ్మలేరట, జీవితమంతా చెడిపోయినవాటినే చూశారు పాపం. పదకొండూ రెండు నిమిషాల్లో ఒకదాని తర్వాత ఒకటి మోగుతాయి. ఎదురింటివాళ్ళు ఏమైందోనని పరుగెత్తుకొచ్చారు. పరీక్షలు బాగానే రాస్తున్నాను.

నీ మరదలు


రేవు క్వార్టర్స్,
పరీక్షకు అయిదు నెలల పది రోజులు

పిచ్చుకా,

గుండె బాగుంది. కానీ ఒక్కో కవాటానికీ మూడేసి రెక్కలా? కుడివైపుది మూడే, ఎడమవైపుదానికి రెండు కాదూ? ఎడమవైపు కింది గది గోడ మందంగా ఎందుకుంటుందో కూడా రాయలేదు. ఊపిరితిత్తులు పక్కనే ఉన్నాయి, కాబట్టి కుడి గది మెల్లగా తోస్తే చాలు. ఎడమ గది అరికాలి దాకా తొయ్యాలి. అందుకేనా? తర్వాతి వారం మూత్రపిండం రాయి. వడపోత ఎక్కడ జరుగుతుందో బొమ్మ గీసి చూపించు. వీలైతే నాడీవ్యవస్థ కూడా.

ఇంకొక మాట. "బాగానే" అనేది మార్కు కాదు. అంకె రాయి.

మీ అన్నయ్య ఈమధ్య కూర తరగడం నేర్చుకుంటున్నారు. ఎందుకని అడక్కు. మేము నమిలే శ్రమ కూడా నేర్చుకుంటున్నాం.

నీ వదిన


ఇంటి దగ్గర, మెట్ల మీద కూర్చుని,
పరీక్షకు నాలుగున్నర నెలలు

వదినా,

రెండు వారాలు రాయలేదు, కోప్పడకు. అంకె అడిగావు. భౌతికశాస్త్రంలో వందకు ముప్పై ఒకటి. అంతకుముందు ఆదివారం ముప్పై మూడు. నీ పాఠాలు చదివేటప్పుడు అన్నీ అర్థమవుతాయి, గడియారం పెట్టేసరికి అన్నీ ఎగిరిపోతాయి.

నీకు ఇంకోటి కూడా చెప్పాలి. ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. పోయినేడాది నాకు జ్వరం రాలేదు.

పరీక్షకు వెళ్ళాను, నా కుర్చీలో కూర్చున్నాను, కాగితం ఇచ్చారు. మొదటి ప్రశ్నే భౌతికశాస్త్రం. రాలేదు. వదిలేసి ముందుకెళ్ళాలని తెలుసు, కానీ మొదటిదే వదిలేస్తే ఇక నాకేం వస్తుందని పట్టుదల. దానితోనే కూర్చున్నాను. తలెత్తి చూస్తే గంటా పావు అయింది. ఆ తర్వాత ఒక్క అక్షరం కనిపించలేదు. బయటికి వచ్చి, జ్వరంగా ఉంది, గేటు నుంచే తిరిగొచ్చేశానని నాన్నకు చెప్పాను. ఆయన గడియారాల రిపేరు దుకాణం మూసేసి రోజంతా నా నుదుటి మీద తడిగుడ్డ వేస్తూ కూర్చున్నారు. జ్వరం లేని నుదురు వదినా. ఆ గుడ్డ తడి ఇప్పటికీ నాకు తగులుతూనే ఉంది.

ఈసారీ అదే జరుగుతుందని భయంగా ఉంది. మందుల దుకాణం పని నాకు బాగా వచ్చు. డాక్టర్ల కోడిగీతలు నాకు తెలిసినంతగా ఆ డాక్టర్లకు కూడా తెలియవని పెద్దాయన అంటారు. ఇక్కడే ఉండిపోతే తప్పేముంది? పాఠం ఈసారికి రాయలేదు. మొదలుపెట్టి చింపేశాను.

నీ మరదలు


రేవు క్వార్టర్స్,
ఉత్తరం అందిన రోజే

పిచ్చుకా,

ముందు పనికొచ్చే మాట. ఇకనుంచి కాగితాన్ని వెనకనుంచి మొదలుపెట్టు. మొదటి ప్రశ్న మొదట రాయాలని ఎక్కడా రాసిలేదు. ఒక్కో ప్రశ్న దగ్గర వేలితో పది లెక్కపెట్టు. దారి కనిపిస్తే చెయ్యి, లేకపోతే దాటు. అది నీకు రాదని కాదు, ఇప్పుడు కాదని. నీకు భౌతికశాస్త్రం రాకపోవడం కాదు జబ్బు. ఒక్క లెక్క ఎదురు తిరిగితే ప్రపంచమంతా తిరగబడిందనుకోవడం నీ జబ్బు. ఈ ఆదివారం నుంచే ఇలా చేసి చూడు, అంకె రాయి.

నువ్వు నిజం చెప్పావు కాబట్టి నేనూ చెప్పాలి. ఈ పరీక్షకు నేనూ దరఖాస్తు పెట్టాను.

నవ్వు, పరవాలేదు. ముప్పై మూడేళ్ళకు ఇదేం పిచ్చి అనుకుంటావేమో. పద్దెనిమిదేళ్ళప్పుడు, ఇంటర్లో జీవశాస్త్రం కూడా చదువుతున్న రోజుల్లో, నాకూ ఈ ఆశ ఉండేది. ఎవరూ ఆపలేదు. మీ అన్నయ్య కనబడ్డారు, జంతుశాస్త్రం కంటే ఆయన బాగున్నారనిపించింది. ఇప్పటికీ ఆ మాట మీద ఉన్నాను. కానీ నీ మొదటి ఉత్తరం చదివి, నీ పుస్తకాల్లో ఏముందో చూద్దామని ఒకటి కొనుక్కున్నాను. నీకు చెప్పడానికే అనుకున్నాను. నెల తిరిగేసరికి నాకోసమే చదువుతున్నానని నాకే తెలిసిపోయింది. గుండె పాఠంలో నీ తప్పు పట్టుకున్నది అందుకే. వారానికో పాఠం ఫీజు అడిగింది కూడా సగం అందుకే.

మీ అన్నయ్యకు కూడా మొదట చెప్పలేదు. దరఖాస్తుకు తీయించుకున్న ఫొటో ఒకటి జారి ఆయన టిఫిను సంచీలో పడింది. సాయంత్రం వచ్చి, "ఈవిడెవరు, ఇంత కోపంగా ఉంది?" అని బల్ల మీద పెట్టారు. అప్పుడు చెప్పక తప్పలేదు. నాకు ముందే చెబితే వద్దంటానా అన్నారు. వద్దంటారని కాదు, సరే అంటారని భయపడ్డానన్నాను. సరే అంటే ఇక చదవాలి కదా. కూర తరగడం ఆ మర్నాటి నుంచే మొదలైంది.

ఇన్నాళ్ళూ నీకు దాచినందుకు నన్ను తిట్టు. కానీ చదువు మానకు.

నీ వదిన


మందుల దుకాణం,
పరీక్షకు మూడున్నర నెలలు

వదినా,

నాలుగు రోజులు నీ మీద కోపంగా ఉన్నాను. ప్రతి ప్రశ్నా నామీద ప్రేమతో అడుగుతున్నావనుకున్నాను, తీరా చూస్తే మూత్రపిండం మీద ప్రేమ. అయిదోరోజు అన్నయ్య బల్ల మీద పెట్టిన ఆ ఫొటో తలుచుకుని దుకాణంలో ఒక్కదాన్నే నవ్వాను. పెద్దాయన లేచి, కునుకుపాటులో తానేమైనా మాట్లాడానా అని అడిగారు.

నువ్వు నాకు నిజం చెప్పావు కదా అని నేను నాన్నకు కూడా నిజం చెప్పేశాను. ఉదయం, ఆయన దుకాణం తలుపు తీస్తుండగా. పోయినేడాది జ్వరం లేదు నాన్నా అన్నాను. తాళం తీసి జేబులో వేసుకున్నారు. తర్వాత, "తెలుసమ్మా. నుదురు ముట్టుకుంటే తెలియదా" అన్నారు. మరి రోజంతా గుడ్డ ఎందుకు వేశారని అడిగాను. "నీకు ఏదో ఒకటి వెయ్యాలి కదా. నా దగ్గర గుడ్డే ఉంది" అన్నారు.

వదినా, నేను ఆ మెట్ల మీదే కూర్చుని ఏడ్చాను. ఆయన పక్కన కూర్చోలేదు, లోపలికెళ్ళి గడియారాలకు కీ ఇచ్చుకున్నారు. అన్నీ ఇచ్చాక బయటికొచ్చి, ఆదివారం పరీక్ష ఉందా లేదా అని అడిగారు. ఉందన్నాను.

వెనకనుంచి మొదలుపెట్టాను. నలభై ఎనిమిది.

ఇక నువ్వూ నేనూ పోటీ. మూత్రపిండం పాఠం ఇందులోనే పెడుతున్నాను, బొమ్మ రెండుసార్లు గీశాను. పోటీదారుకు ఇంత మంచి బొమ్మ ఎవరూ పంపరు, గుర్తుంచుకో.

నీ మరదలు


రేవు క్వార్టర్స్,
పరీక్ష మర్నాడు

పిచ్చుకా,

అయిపోయింది. నీది ఎలా అయిందో వెంటనే రాయి. ఫోను ఇంకా తీసుకోలేదా? తీసుకోకు, ఉత్తరాలే బాగున్నాయి.

నా సంగతి విను. గేటు దగ్గర కాపలాదారు నన్ను చూడగానే చాలా మర్యాదగా, తల్లిదండ్రులు అటు రేకుల షెడ్డు కింద కూర్చోవాలమ్మా అని చెయ్యి చూపించాడు. నేనూ ఒక్క క్షణం అటు నాలుగడుగులు వేశాను, నిజంగా. షెడ్డు కింద మీ అన్నయ్య, నీ మేనకోడలు అప్పటికే కూర్చుని ఉన్నారు. అది లేచి నిలబడి, "మా అమ్మ పరీక్ష రాయాలి" అని ఆ షెడ్డంతా వినబడేలా చెప్పింది. తల్లులందరూ నావైపు తిరిగారు. ఒకావిడ చప్పట్లు కొట్టింది. సిగ్గుతో చచ్చాను. కాపలాదారు హాల్ టికెట్ మీది ఫొటో చూసి, నన్ను చూసి, ఫొటోలో కోపంగా ఉన్నారన్నాడు. ఇప్పుడు కూడా అంతే కోపంగా ఉన్నానన్నాను. పంపించాడు.

లోపల నా పక్క అమ్మాయికి పదిహేడేళ్ళుంటాయి. ఆంటీ, మీకు భయం లేదా అని అడిగింది. ఉందమ్మా, కానీ ఇంటిపని లేకుండా మూడు గంటలు కూర్చోబెట్టారు, అదే నాకు సెలవు అన్నాను. ఆ పిల్ల నవ్వింది.

నీ వదిన


ఇంటి దగ్గర,
పరీక్ష అయిన నాలుగోరోజు

వదినా,

మొదటి ప్రశ్న రాలేదు. దాటాను. రెండోదీ రాలేదు. దాటాను. తర్వాత గుర్తొచ్చింది, వెనకనుంచి మొదలుపెట్టాలని. ఇక ఆగలేదు. చివరికి మొదటి ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి ఇంకా తొమ్మిది నిమిషాలున్నాయి. చేశాను. ఒప్పో తప్పో తెలియదు, కానీ చేశాను. బయటికొస్తే నాన్న గేటు దగ్గర నిలబడి ఉన్నారు. నా నుదురు ముట్టుకుని చూశారు. ఇద్దరం మాట్లాడకుండా ఇంటిదాకా నడిచొచ్చాం. మాట్లాడితే ఆయన నవ్వేస్తారని నాకు తెలుసు, నేను ఏడ్చేస్తానని ఆయనకు తెలుసు.

నీ మరదలు


మందుల దుకాణం,
ఫలితాలు వచ్చిన వారానికి

వదినా,

నీ ఉత్తరం అందింది. నాలుగు పేజీలు. వాన గురించి ఒకటిన్నర పేజీ, పక్కింటివాళ్ళ కుక్క గురించి ఒక పేజీ, మిగతాది నా మేనకోడలి కొత్త పళ్ళు. ఒక్క అంకె లేదు. నువ్వే కదా "బాగానే" మార్కు కాదన్నావు. కుక్క మాత్రం మార్కా?

నీ హాల్ టికెట్ నంబరు అన్నయ్యను అడిగి తెలుసుకున్నాను. నీకు సీటు వస్తుంది వదినా. మీ క్వార్టర్స్‌కు రెండు గంటల దూరంలో ఉన్న కాలేజీలోనే వస్తుంది, లెక్క చూశాను. నాకు పదకొండు మార్కులు తక్కువయ్యాయి.

అబద్ధం చెప్పను. మొదటి రోజంతా నీ మీద మండిపడ్డాను. గుండె నేను చెప్పాను, మూత్రపిండం నేను చెప్పాను, సీటు నీకా అనుకున్నాను. రెండోరోజు నా మార్కులు సరిగ్గా చూసుకున్నాను. భౌతికశాస్త్రంలో అరవై ఆరు. ముప్పై ఒకటి నుంచి అరవై ఆరు. ఆ ముప్పై అయిదూ నీవే. అప్పుడు కోపం కొంచెం తగ్గింది. పూర్తిగా తగ్గింది మూడోరోజు, అన్నయ్య నాన్నకు ఫోను చేసి, నువ్వు చేరనంటున్నావని చెప్పినప్పుడు. అప్పుడు వేరే కోపం వచ్చింది.

పిల్ల చిన్నదని అన్నావట. ఇల్లు ఎవరు చూస్తారన్నావట. అవన్నీ నీకు దరఖాస్తు పెట్టినప్పుడు తెలియవా? అసలు కారణం నేనని నాకు తెలుసు, కాదనకు. నువ్వు ఆ సీటు వదిలేస్తే అది నాకు రాదు. ముక్కూ మొహం తెలియని మనిషికి పోతుంది. నేనేమో జన్మంతా మా వదిన నావల్ల డాక్టరు కాలేదని మొయ్యాలి. నాకు అంత బరువు మొయ్యడం రాదు. అన్నయ్య క్రేను తెచ్చినా లేవదు.

ఆదివారం నేనూ నాన్నా వస్తున్నాం. నీ పెట్టె నేను సర్దుతాను. నీ పుస్తకాలు నాకిచ్చెయ్. వాటిలో అయినా ముఖ్యమైనవాటి కిందే గీతలుంటాయి.

నీ మరదలు


మెడికల్ కాలేజీ, ఆడపిల్లల హాస్టల్, రెండో అంతస్తు,
చేరిన మూడో వారం

పిచ్చుకా,

నువ్వు సర్దిన పెట్టెలో అడుగున దాచినవి ఇవాళ కనిపించాయి. మొత్తం ఎముకలన్నీ మాత్రల అట్టల మీద రాసిపెట్టావు. పడుకున్నదాన్ని లేచి కూర్చున్నాను.

ఇక్కడ అందరూ నన్ను మొదట టీచరనుకున్నారు. మొదటిరోజు తరగతిలోకి అడుగుపెడితే ఎనభైమంది లేచి నిలబడ్డారు. కూర్చోండమ్మా, నేనూ మీతోనే అని చెప్పి మూడో బెంచీలో కూర్చున్నాను. ఇప్పుడు సందేహాలకు వస్తారు, చొక్కా గుండీలు కుట్టించుకోవడానికి కూడా వస్తారు. శనివారం సాయంత్రం ఇంటికి వెళ్ళి సోమవారం పొద్దున వస్తున్నాను. మీ అన్నయ్య నీ మేనకోడలికి జడ వెయ్యడం నేర్చుకున్నారు. క్రేను తాడులా బిగించి వేస్తారు, వారమంతా ఊడదు. అది కనుబొమ్మలు పైకెత్తుకునే తిరుగుతోంది.

నిన్ను వదిలి ఇక్కడ ఉన్నందుకు రోజూ ఒకసారి బాధపడతాను. రెండోసారికి తీరిక ఉండటం లేదు. నీ లెక్కలు పంపు. తప్పుల దగ్గర గీత పెట్టకు, నేను పెడతాను. ఈసారి పాఠాలు నాకు ఫీజుగా వద్దు. పదకొండు మార్కులు చాలు.

నీ వదిన


అదే హాస్టల్, నీ గది తలుపు బయట,
మరుసటి సంవత్సరం, పొద్దున పదిన్నర

వదినా,

ఫలితాలు ఆలస్యమయ్యాయని అన్నయ్య చేత అబద్ధం చెప్పించింది నేనే. నాన్న నెల రోజులుగా ఆ అబద్ధం మొయ్యలేక, నీ ఫోను వస్తే గడియారాలు మోగుతున్నాయని పెట్టేస్తున్నారు. ఆయన్ని ఏమీ అనకు.

పైకి వచ్చి చూశాను. పరీక్షలున్నాయి, తలుపు తట్టవద్దు అని పెద్ద అక్షరాలతో అట్ట తగిలించావు. సీనియరు మాట జవదాటకూడదని ఇందాకే మాకు కింద గంటసేపు చెప్పారు. అందుకని తట్టడం లేదు. ఈ కాగితం తలుపు సందులోంచి తోసేసి, ఇక్కడే నా పెట్టె మీద కూర్చుంటాను. నాన్న, అన్నయ్య, నీ కూతురు మెట్ల మీద వరసగా ఉన్నారు. దాని నోరు మూసి పట్టుకోవడం అన్నయ్య వల్ల కావడం లేదు.

తలుపు తియ్యి.

నీ జూనియరు